మా అత్త గుప్పిట్లో బొద్దింక

మొన్న మా ఫ్లాటులో మందు కొట్టడానికి వచ్చినతను వంటింటి అరల్లోకి టార్చి వేసి చూసి, "భయపడకండి మేడం, బొద్దింకలు ఎగరవు. ఆ రెక్కలు ఊరికే అలంకారానికండీ" అన్నాడు. నాకు నవ్వాగలేదు. బెజవాడలో ఉంటూ ఈ మాట అన్నాడంటే ఇతనికి మా మేనత్త తెలీదన్నమాట.

డెబ్బైల్లో మేం బందరు కాలవ పక్కన ఓ పెంకుటింట్లో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. నాకు పదేళ్లు. నాన్న చెల్లెలు, అంటే మా అత్త, మా దగ్గరే ఉండి బీయస్సీ చదివేది. మనుషులం నలుగురం, బొద్దింకలు మాత్రం కోకొల్లలు. వాటి పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు కంఠతా. వంటింట్లో పప్పుడబ్బాల వెనక తిరిగే చిన్నవాటికి రెక్కలున్నా ఎగరవు, వట్టి పరుగు వీరులు. పామర్రులో తాతయ్యగారి గడ్డివాము దగ్గరివీ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి గానీ, దీపం పెడితే చాలు, ఎగిరొచ్చి వాల్తాయి. అసలు దొరలు నీళ్లగది తూములో కాపురముండే ఎర్రటి పెద్దవి. చలికాలమంతా బుద్ధిగా నడిచేవి కాస్తా, ఎండలు ముదిరి ఉక్క మొదలయ్యేసరికి సాయంత్రాలు గోడెక్కి అక్కణ్ణించి జుయ్యిమని లేచేవి. ఎటు పోదామనుకునేవో ఏమో, వాలేది మాత్రం అత్త జడ మీదే.

అత్తకి బొద్దింకంటే చచ్చేంత భయం. చదివేదేమో జువాలజీ! ముందటేడు ప్రాక్టికల్ పరీక్షలో ట్రేలో బొద్దింకను పెట్టి కోయమంటే, మత్తు సరిగ్గా ఎక్కని ఆ మహానుభావుడు మీసం ఆడించాడట. ఈవిడ కెవ్వుమని వరండాలోకి పరుగు. ఇంకేముంది, తప్పింది. తాతయ్య పామర్రు నుంచి వచ్చి అరిచాడా అంటే అరవలేదు. "ఈసారీ తప్పితే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమ్మా, చదివింది చాలు" అన్నాడంతే. టీచరు కావాలన్నది అత్తకున్న ఒక్కగానొక్క కోరిక. అన్నం మానేసి ఒకటే ఏడుపు.

వైద్యం నేనే కనిపెట్టాను. మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన. నాన్న మొదలుపెట్టాడంటే చుట్టాలు, పక్కాలు, కాలవలో నీళ్లు, పామర్రులో ఈనబోయే గేదె, ఎవర్నీ వదలడు. ఆయన ఆమెన్ అనేదాకా కళ్లు తెరవకూడదు, కదలకూడదు, కిక్కురుమనకూడదు. "అత్తా, ప్రార్థనప్పుడు బొద్దింకను గుప్పిట్లో పట్టుకో. అరవడానికి వీలుండదుగా!" అన్నాను. "ఛీ, పాపమే!" అంది. మర్నాడు తనే చెయ్యి చాపింది. మొదటిరోజు వంటింటి చిన్నది. చెమటలు కక్కుతూ, పెదాలు బిగబట్టి, ఆమెన్ వినపడగానే దాన్ని విసిరికొట్టి నూతి దగ్గరికి పరుగెత్తింది. పది రోజులు తిరిగేసరికి తూము దొరలదాకా వచ్చాం. అమ్మ ఓసారి చూసేసింది గానీ, చెబితే తను కళ్లు తెరిచిన సంగతి బయటపడుతుందని నోరు మూసుకుంది. నాన్న మాత్రం "చెల్లాయికి ఈమధ్య భక్తి బాగా కుదిరింది, ప్రార్థనలో వణికిపోతోంది" అని ఒకటే మురిసిపోవడం.

పరీక్షనాటి సంగతి అత్త నోట విన్నదే. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు భారీ మనిషి. జాడీ మూత తీయగానే ఓ ఎర్రది లేచి సరాసరి ఆయన చొక్కా మీద వాలింది. ఆయన "ఓరి నాయనో!" అంటూ స్టూలెక్కేశారు. అది మళ్లీ లేచింది. అత్త గాల్లోనే దాన్ని గుప్పిట పట్టేసింది. పట్టి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయింది.

"ఏంటమ్మా అలా నిలబడ్డావు, జాడీలో పడెయ్యి!" అన్నారాయన స్టూలు మీంచే.

"ఒక్క నిమిషమండీ" అంది అత్త. నాన్న ప్రార్థన మొత్తం, గేదెతో సహా, మనసులో అప్పజెప్పుకుని, "ఆమెన్" అని పైకే అనేసి, అప్పుడు కళ్లు తెరిచి దాన్ని జాడీలో వేసింది. ఆ తర్వాత ట్రేలో ఇచ్చినదాన్ని చెయ్యి వణక్కుండా కోసింది. పాసైంది. పెట్టె సర్దలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి జువాలజీ చెప్పింది.

మందు కొట్టినతను వెళ్లాక అత్తకి ఫోన్ చేశాను. "ఎగరవన్నాడా? వాణ్ణి ఓసారి నా దగ్గరికి పంపించవే" అంది.

"నీకిప్పుడు భయం పోయిందిగా అత్తా?"

"ఎవరు చెప్పారే నీకు? నిన్న నీళ్లగదిలో ఒకటి లేచింది. ఠక్కున పట్టుకుని మీ నాన్న ప్రార్థన మొదలెట్టా. గేదె దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చేసిందే, ఆమెన్ అనలేకపోయా" అంది.

నాన్న పోయి పన్నెండేళ్లు. అప్పట్లో ఎప్పుడెప్పుడు ఆమెన్ అంటాడా అని కాచుక్కూచునేవాళ్లం. ఇప్పుడేమో, ఇంకో నాలుగు గేదెల్ని కలిపి ఇంకాస్త సాగదీసి ఉంటే ఆయన సొమ్మేం పోయేదీ అనిపిస్తోంది.