ఉద్యోగం సముద్రం మీదికి వెళ్లిన వారం

ఆ రోజుల్లో నాకు అర్థం కాని మాట ఎదురైతే అడిగే అలవాటు ఉండేది కాదు. అర్థమైనట్టు తలూపడమే ఉద్యోగానికి మొదటి అర్హత అనుకునేదాన్ని. (రెండో అర్హత, తలూపిన తర్వాత సీటుకి తిరిగొచ్చి కంగారుపడటం.) కాలేజీ అయిపోయి ఏడాది తిరక్కముందే సైనిక్‌పురిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. కంపెనీ అంటే అద్దాల మేడలు ఊహించుకోకండి. ఒక రిటైర్డ్ కర్నల్ గారి ఇంటి పై రెండు అంతస్తులు. చిలకలగూడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, గేటు దగ్గర కర్నల్ గారికి నమస్కారం పెట్టి, చెప్పులు ఆయన చూపించిన చోటే విడిచి, మెట్లెక్కి అమెరికాకు పని చేసేదాన్ని. అక్కడి ఒక ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ల పాత ప్రోగ్రాములో చిన్న చిన్న తప్పులు దిద్దడం నా పని. ఏది ఎలా దిద్దాలో సాయంత్రం ఫోన్లో చెప్పే ఆవిడ అక్కడ మంచు పడే ఒక ఊళ్లో ఉండేది. గొంతును బట్టి ఆవిడకు మా పెద్దమ్మ వయసుంటుందని లెక్కవేసి, ఆఫీసులో అందరం ఆవిడను ‘పెద్దమేడమ్’ అనుకునేవాళ్లం.

చేరి నెల దాటిందో లేదో, అమెరికా నుంచి ఒక మెయిల్ వచ్చింది. సారాంశం ఇది: ఈ ప్రోగ్రాము పనంతా మూడు నెలల్లో ఆఫ్‌షోర్‌కు తరలిపోతుంది, ప్రస్తుతం ఈ పని చేస్తున్నవారు తమకు తెలిసిన సంగతులన్నీ కొత్తవారికి పూర్తిగా అప్పగించాలి. నేను మూడుసార్లు చదివాను. ప్రస్తుతం ఈ పని చేస్తున్నదెవరు? నేను. ఆఫ్‌షోర్ అంటే? డిక్షనరీలో చూస్తే తీరానికి అవతల అని ఉంది. మన తీరానికి అవతల ఉన్నది ఎవరు? వాళ్లు. అంటే నా ఉద్యోగం అమెరికా వెళ్లిపోతోంది! నెల రోజుల ఉద్యోగం, ఇంకా ఖాయం కూడా కానిది, అప్పుడే పోతోందని టీమ్ లీడర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన్ని మేము చాటుగా ‘జెరాగు’ అనేవాళ్లం. ఏమడిగినా “జెర ఆగు” అనడం ఆయన అలవాటు.

“సార్, ఆ మెయిలు...”

“జెర ఆగు, కాల్ మీదున్న.”

ఆగాను. కాల్ అయింది.

“పనంతా ఆఫ్‌షోర్‌కు వెళ్లిపోతోందట కదండీ?”

“అవ్ మల్ల. మంచిదే గదా! గిట్ల పరేషాన్ అయితవేంది? పో, అన్నీ మంచిగ రాసిపెట్టుకో, ముందుముందు పనికొస్తయ్” అని నవ్వి, ఇంకో కాల్ ఎత్తుకున్నాడు.

ఎంత రాతిగుండె మనిషి అనుకున్నాను. పనికొస్తాయట, ఎవరికి? అయినా తలూపి సీటుకి వచ్చేశాను.

ఇంట్లో చెప్పగానే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాన్నది బందరు దగ్గర పల్లె. సికింద్రాబాదు వచ్చి పాతికేళ్లయినా ఆయన ఆలోచన ఆ సముద్రపు ఇసుక దాటి రాలేదు. “ఆఫ్‌షోర్ అంటే నాకు తెలుసే. సముద్రంలో నూనె తవ్వుతారు చూడు, అదన్నమాట. మీ కంప్యూటర్లన్నీ తీసుకెళ్లి ఓడలో పెడతారేమో.”

“ఆడపిల్లని ఓడలోకి పంపిస్తామా ఏంటి? మాట్లాడేముందు కాస్త ఆలోచించండి” అంది అమ్మ. అమ్మ బడిలో లెక్కల టీచరు. ఆవిడకు ఏ సమస్య వచ్చినా రెండే దార్లు: కాగితం మీద తేల్చడం, లేదా ప్రార్థనలో పెట్టడం. ఇది కాగితం మీద తేలేది కాదని గ్రహించి, ఆదివారం నాటికి గుడిలో (మేము చర్చిని గుడి అనే అంటాం) ప్రార్థన మనవి రాసిచ్చేసింది. ఏం రాసిందో నేను చూడలేదు. ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు చీటీ విప్పి, గొంతు సవరించుకుని, “మన సహోదరి కుమార్తె యొక్క ఉద్యోగము సముద్రము మీదికి వెళ్లిపోవుచున్నది. గాలినీ అలలనూ గద్దించిన ప్రభువు ఆ ఉద్యోగమును క్షేమముగా ఒడ్డుకు చేర్చును గాక” అన్నారు. గుడంతా ఆమేన్ అంది. బయటికొచ్చాక నలుగురు ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టి, ఏ ఓడ, ఎప్పుడు బయల్దేరుతుంది, అందులో భోజనం పెడతారా అని అడిగారు. తెలియదండీ అన్నాను. నిజంగానే తెలియదు.

ఉద్యోగం పోతే పోయింది, అప్పగింతలో మాట రాకూడదని నాకో పట్టుదల వచ్చింది. జెరాగు చెప్పినట్టే నాకు తెలిసినదంతా నోటుబుక్కులో పదకొండు పేజీలు రాశాను. సోమవారం సాయంత్రం పెద్దమేడమ్ కాల్‌లోకి రాగానే, ఆవిడ నోరు తెరిచేలోపే మొదలుపెట్టాను. ప్రోగ్రాము ఎక్కడ మొదలవుతుంది, ప్రీమియం ఎలా లెక్కకడుతుంది, పాలసీ చేసినవాళ్ల వయసు అరవై దాటితే ఏ వరుసలో తేడా వస్తుంది, అన్నీ ఒక్కొక్కటీ వివరించాను. అరగంట పట్టింది. ఆవిడ మధ్యమధ్య “ఊఁ”, “తర్వాత?” అంటూ విన్నది. పదకొండో పేజీ అయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

“నా పని మీకు వస్తున్నందుకు నాకేం కోపం లేదు మేడమ్. మీరు మంచివారు. మీ చేతిలోనే ఉంటుంది కదా అని ధైర్యం” అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో, ముక్కు చీదుకుంటూ.

ఆవిడ మెల్లగా అడిగింది.

“అమ్మాయీ, ఆ మెయిల్లో ఆఫ్‌షోర్ అంటే ఎవరనుకున్నావు?”

“మీరే కదండీ.”

“కాదు. మాకు మీరు ఆఫ్‌షోర్. పని నీ దగ్గరికే వస్తోంది. వెళ్లిపోయేది నేను. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను ఇది. మూడు నెలల తర్వాత ఇక్కడ నా కుర్చీ ఉండదు.”

సారీ అన్నాను. కంగ్రాచ్యులేషన్స్ అని నాకు నేనే చెప్పుకోవాలో, ఆవిడకు ఇంకోసారి సారీ చెప్పాలో తోచక, మళ్లీ సారీ అన్నాను. ఆవిడేమో “ఏడవకు, ఏడవకు, నీ తప్పేముంది, వెళ్లి కాసిని నీళ్లు తాగిరా” అని నన్ను ఓదార్చింది. ఉద్యోగం పోతున్న మనిషి ఓదారుస్తుంటే, ఉద్యోగం నిలబడిన నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఫోను పెట్టేశాక జెరాగు వచ్చి, “చెప్పిన గదా మంచిదే అని. సముందర్ల ఎవ్వలు పోతలేరు గాని, జెర మొహం కడుక్కో” అన్నాడు. (గుడి కబురు సైనిక్‌పురి దాకా ఎలా పాకిందో ఇప్పటికీ తెలియదు.)

ఇంటికొచ్చి చెబితే అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “అయితే ప్రార్థన ఫలించినట్టేగా?”

“ఏమో అమ్మా. ఆవిడది పోయింది.”

“ఆవిడ గుడికి వెళ్తుందా?”

“వెళ్తుందట. పాటల బృందంలో పాడుతుందట కూడా.”

అమ్మ మొహంలో తేలని లెక్క ఒకటి కనిపించింది. “అయితే ఆవిడ కోసం అక్కడా ప్రార్థన పెట్టే ఉంటారు కదే. ఇద్దరం అడిగేది ఒక్క ఉద్యోగమే అయినప్పుడు ప్రభువు మాత్రం ఎవరి మాట వింటాడు?” నాన్న ఏదో అనబోయి, ఓడ సంగతి గుర్తొచ్చి కాబోలు, పేపరు వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం గుడిలో, ప్రార్థన ఏమైందో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పక తప్పలేదు. ప్రార్థన చేసినవాళ్లందరూ అడుగుతారు. అమ్మ లేచి నిలబడింది. “మా అమ్మాయి ఉద్యోగం నిలబడింది. అందుకు స్తోత్రం. అయితే అదే పనికి అమెరికాలో ఒకావిడ ఉద్యోగం పోయింది. ఆవిడా మనలాగే గుడికి వెళ్లే మనిషి. అందుచేత స్తోత్రం సగమే చెబుతున్నాను” అని కూర్చుంది. హల్లెలూయ అనడానికి తెరిచిన అయ్యగారి నోరు అలాగే ఉండిపోయింది. వెనకనుంచి ఒక ముసలావిడ ఆమేన్ అంది, పక్కావిడ అయ్యో అంది. రెండూ ఒకేసారి వినిపించాయి.

ఆ తర్వాత మూడు నెలలూ పెద్దమేడమ్ నాకు ఏదీ దాచుకోకుండా నేర్పింది. వెళ్లాక కొన్ని నెలలకు మెయిల్ రాసింది. వాళ్ల ఊళ్లో బడి బస్సుల దారులు చూసే ఆఫీసులో పని దొరికిందట. జీతం తక్కువేనట, కానీ తన ప్రోగ్రాము సరిగ్గా ఉంటే బడి బస్సు తన కిటికీ ముందు నుంచే వెళ్తుందట. అమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. నా ఉద్యోగం ఖాయమైంది. కొన్నేళ్లకు ఆ పని మా దగ్గర్నుంచి కూడా ఇంకో దేశానికి వెళ్లిపోయింది. ఆ మెయిల్ వచ్చినప్పుడు మాత్రం, వెళ్లేది ఎవరో పక్కవాళ్లను అడిగి, నిర్ధారించుకుని, ఆ తర్వాతే కంగారుపడ్డాను.

ఎవరి పని ఎవరి దగ్గరికి ఎందుకు వెళ్తుందో నాకు ఇవాళ్టికీ సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్లు చెప్పేది విని తలూపుతాను. కానీ ఆ పదకొండు పేజీలు గుర్తొస్తే మాత్రం ఒంటరిగా ఉన్నా సిగ్గేస్తుంది. ఇరవై ఆరేళ్లు ఆ ప్రోగ్రాముతోనే బతికిన మనిషికి, ఉద్యోగంలో నెల వయసున్న నేను అరగంట పాటు పాఠం చెప్పాను. ఆఖరి కాల్‌లో ఉండబట్టలేక అడిగేశాను, “ఆ రోజు నన్ను మధ్యలో ఎందుకు ఆపలేదు మేడమ్?” అని.

“నా ప్రోగ్రాము గురించి ఒక మనిషి అంత శ్రద్ధగా మాట్లాడటం ఇన్నేళ్లలో అదే మొదటిసారి వినడం. ఆపబుద్ధి కాలేదు” అంది. “నువ్వు చెప్పినదాంట్లో సగం తప్పు, అది వేరే సంగతి” అని కూడా అంది.