పోయేటప్పుడు చూసిన సముద్రం

మా చిన్నప్పుడు... ఒక పొద్దున మద్రాసు స్టేషన్ బయట, సత్తు టిఫిన్ డబ్బా మధ్యలో పెట్టుకుని అమ్మా బాపూ గొడవ పడ్డారు. సముద్రం పోయేటప్పుడు చూడాలా, వచ్చేటప్పుడు చూడాలా అని...

బాపు కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టర్. మా ప్రయాణాలన్నీ రైల్వే పాసు మీదే. మధ్యలో ఎక్కడైనా దిగి ఒక పూట ఆగాలంటే, ఆ ఊరి పేరు ముందే పాసు మీద రాయించుకోవాలి.

ఆ సారి మేం పోతున్నది మద్రాసు అవతల ఉన్న ఒక పెద్ద దవాఖానకు. నా గుండెలో రంధ్రం ఉందన్నారు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నాకు ఎనిమిదేళ్లు. నాలుగడుగులు ఉరికితే చాలు, పెదాలు నేరేడు పండ్లు తిన్నట్టు అయ్యేవి.

బాపు మద్రాసులో ఆగేట్టు పాసు మీద రాయించాడన్న సంగతి అమ్మకు బండి దిగాకే తెలిసింది.

"పది గంటల బండికే పోదాం. సముద్రం యాడికి పోతది? పోరికి మంచిగైనంక, వచ్చేటప్పుడు సూద్దాం" అంది అమ్మ.

"ఇప్పుడే సూపిద్దాం."

"గదే... ఇప్పుడే ఎందుకు?"

బాపు జొన్నరొట్టె తుంచాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. "ఇప్పుడే సూపిద్దామే..." అన్నాడు మళ్లీ. తుంచిన ముక్కను తిరిగి డబ్బాలోనే పెట్టేశాడు. అమ్మ డబ్బా మూత పెట్టేసింది.

అన్నకు పదేళ్లు. వాడికేమీ అర్థం కాలేదు, సముద్రం సముద్రం అని గెంతుతున్నాడు. నాకు అర్థమైంది... వచ్చేటప్పుడు నేను ఉండనేమోనని బాపు భయపడుతున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లకు అంత తెలుస్తుందా అంటారేమో. ఆటలకు పంపని పిల్లలకు పెద్దవాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవడమే పని. తెలుస్తుంది.

భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి... ఒళ్లంతా అట్లా అయిపోయింది.

సిటీ బస్సులో వెళ్లాం. ఇసుకలో నడవనీయకుండా బాపు నన్ను ఎత్తుకున్నాడు. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లంటే వడ్డేపల్లి చెరువే. దానికి అవతలి గట్టు కనిపిస్తుంది, దీనికి కనిపించలేదు. అంతకంటే ఏమీ అనిపించలేదు నాకు.

"ఎట్లుంది బిడ్డా?" అన్నాడు బాపు.

"మస్తుంది బాపూ."

అబద్ధం. ఆయన మొహం చూసి చెప్పాను. నవ్వాను కూడా. నీళ్లల్లో నా కాళ్లు ముంచి, ఎత్తి, మళ్లీ ముంచాడు. శనగలు అడిగితే శనగలు, రంగుల కాగితం గాలిపంక అడిగితే గాలిపంక... అన్న ఏది అడిగినా అదీ కొన్నాడు. ఎన్నడూ లేనిది! "రోజూ గిట్లనే కొనిస్తే మంచిగుండు" అన్నాడు అన్న, నోటి నిండా శనగలతో.

అమ్మ మాత్రం దూరంగా కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు.

"రావే, జర కాళ్లన్నా తడుపుకో" అని పిలిచాడు బాపు.

"నేను వచ్చేటప్పుడు దిగుత. నా బిడ్డతోని దిగుత" అంది. ఆ మాట అంటున్నప్పుడు బాపు వైపు చూడలేదు.

ఆపరేషన్ అయింది. బతికాను... రాస్తున్నాను కదా.

నెల దాటాక తిరుగు ప్రయాణం. మద్రాసులో దిగగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని "పద, సముద్రం కాడికి" అంది. నెల రోజుల తర్వాత ఆమె గట్టిగా మాట్లాడటం అదే మొదలు. బాపు కదల్లేదు. బయల్దేరే ముందే తీసుకున్న తిరుగు పాసు మీద మద్రాసులో ఆగేట్టు ఆయన రాయించనే లేదు. గంటలో కాజీపేట బండి ఎక్కాలి.

"ఇటు రాయించలేదా?"

"రాయించలే."

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. బండిలో నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా కాళ్ల దగ్గర బాపు. విజయవాడ దాకా బాపు నా పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆ సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఆ తర్వాత ఏ సముద్రంలోనూ కాలు పెట్టలేదు.

బాపు మీద నాకు కోపం లేదు. చూపించకుండా పంపడం ఇష్టం లేకనే కదా ఆగాడు...

ఇప్పుడు మాకు పాసులూ లేవు, రాయించుకోవడాలూ లేవు. ఫోన్‌లో నొక్కితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. దూర ప్రయాణమంటే చాలు, మా పిల్లలు "మధ్యలో ఒక పూట బీచ్ దగ్గర ఆగుదాం" అంటారు. సరేనంటాను, కానీ ఆ పూట ఎప్పుడూ తిరుగు ప్రయాణంలోనే పెడతాను. "పోయేటప్పుడు ఆగితే ఏమైతది మమ్మీ?" అని మా చిన్నది మొన్న కూడా అలిగింది.

"వచ్చేటప్పుడే సూద్దాం బిడ్డా. అందరం వస్తం కదా" అన్నాను.

అట్లా ఎందుకంటానో వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు. మీకే చెబుతున్నాను... మీ ఇంట్లోనూ ఎవరూ మళ్లీ ఎత్తని ప్రయాణం ఒకటి ఉంటే, ఇక్కడ రాయండి.