ఆమె కారులో నాతో చెప్పింది

ఆరేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో. లోపల ఒక రాయిలా ఉండిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తోచడం లేదు.

మాది జగిత్యాల వైపు. రియాద్‌లో డ్రైవర్‌ని. ఆ చలికాలం మా కంపెనీ కార్లను ఒక ఇంగ్లీషు సినిమా షూటింగ్‌కి పెట్టారు. హీరోయిన్‌ను హోటల్ నుంచి ఎడారిలోని సెట్‌కు తీసుకెళ్లడం నా పని. ఇంగ్లండ్ అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. స్కూలు నాటకాలతో మొదలుపెట్టి, టీవీలో చిన్నచిన్న వేషాలు వేసి, మొదటిసారి పెద్ద పాత్ర సంపాదించుకుంది. వాళ్లమ్మ బేకరీలో పనిచేస్తుందట. ఇవన్నీ ఆమే చెప్పింది, సగం మాటలతో, సగం చేతులతో.

ఒక పొద్దున నడుము పట్టుకుని మెల్లగా కారెక్కింది. దారిలో చెప్పింది: బాత్రూంలో జారిపడ్డానని, ఇవాళ సీన్‌లో గుర్రం ఎక్కలేనని, డైరెక్టర్‌తో చెప్పాలంటే భయమని, దిగగానే మా సూపర్‌వైజర్ సలీం భాయ్‌తో చెప్పి పైవాళ్లకు తెలిసేలా చూడమని. ఇప్పుడింత స్పష్టంగా రాస్తున్నాను గానీ, అప్పుడు ఇదంతా అర్థమైందా? లేక జరిగిందంతా తెలిశాక నేనే అతికించుకున్నానా? ఎంత ఆలోచించినా తేలదు. పెయిన్, హార్స్, నో, టెల్ సలీం. ఈ మాటలు మాత్రం విన్నాను. "ఓకే మేడమ్" అన్నాను.

నేను వెళ్లేసరికి సలీం భాయ్ బండ్లు ఆలస్యమయ్యాయని అందరి మీదా అరుస్తున్నాడు. ఆగాను. ఆమే చెప్పుకుంటుందిలే అనుకున్నాను. వెళ్లి టీ తాగాను.

గుర్రం ఆమెను పడేసింది. వెన్నుపూస చిట్లింది.

సాయంత్రం సలీం భాయ్ పిలిచాడు. నిజామాబాదాయన. నాతో తెలుగులోనే మాట్లాడతాడు.

"మేడమ్ పొద్దుగాల నీకేమన్న చెప్పిందా?"

"లేదు భాయ్."

"మంచిగ యాది చేస్కో. డ్రైవర్‌కు చెప్పిన అంటుంది ఆమె."

"నాకు ఇంగ్లీషు యాడ వస్తది భాయ్? ఏం చెప్పలే."

నా ఇకామా, అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, ఆ నెలలోనే రెన్యువల్‌కు ఉంది. అందుకేనా అబద్ధమాడింది? లేక అడిగిన క్షణంలో నోరే అలా కదిలిందా? ఆమె నాకేమీ చెప్పలేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆమె నొప్పి దాచి గుర్రమెక్కిందని తేల్చారు. పాత్ర ఇంకొకరికి వెళ్లింది. ఆమెను చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు.

తర్వాత ఆమె పేరు ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. రెండేళ్లు ఎక్కడా లేదు. ఆపైన ఏదో చిన్న థియేటర్‌లో, కూర్చుని చేసే వేషాలు. మొన్న ఒక ఇంటర్వ్యూ కనిపించింది. ఇప్పుడు నాకు ఇంగ్లీషు బాగానే తెలుస్తుంది. ఆ ప్రమాదం గురించి అడిగితే, "ఎవరితోనో చెప్పాననే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు. చెప్పాలనుకుని చెప్పలేదేమో" అంది.

నడుము విరిచింది గుర్రమే అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. మరి ఇది? ఆమె జ్ఞాపకాన్ని ఆమె నుంచి లాక్కున్నది ఎవరు?

ఆమెకు రాద్దామని కూర్చుని, రాసింది చెరిపేశాను. చాలాసార్లు. భయమో, సిగ్గో తెలియదు.

ఆమె చెప్పింది. నాతోనే చెప్పింది. ఈ మాట ఇన్నాళ్లకు ఒకచోట రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడటం న్యాయమేనా, అదీ తెలియడం లేదు.