సడలిన నట్టు

గిరక అని ముద్దుపేరు పెట్టింది బాబాయే. పన్నెండేళ్ల పిల్లని సైకిలెక్కించి, గిన్నె అంచులా ఏటవాలుగా లేచిన చెక్క ట్రాక్ మీద తిప్పి తిప్పి, ఇరవై రెండేళ్లకల్లా రెండుసార్లు జాతీయ చాంపియన్ని చేశాడు. నాన్నకి లాండ్రీలో ఇస్త్రీపెట్టె వదిలే తీరిక లేదు. పోటీలకి తోడు వెళ్లడం, పిక్కలు పట్టేస్తే నూనె రాయడం, చక్రాలు బిగించడం, అన్నీ బాబాయే.

మూడో ఏడు ఫైనల్లో ఎదురు నిలిచింది ఒక పోస్ట్‌మన్ కూతురు. గట్టి పిండం. ఈసారి గిరక పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ఆఖరి చుట్టులో, వంపు దగ్గర, ఆ పిల్ల వెనక చక్రం పక్కకి ఒరిగిపోయింది. ట్రాక్ సైకిళ్లకి బ్రేకులుండవు. పైనుంచి కిందిదాకా జారుకుంటూ వచ్చి పడింది. చెక్క పేళ్లు చేతిలో దిగాయి, భుజం ఎముక విరిగింది. గిరక గీత దాటేసింది.

పతకం మెడలో వేసుకుని గదికొచ్చేసరికి బాబాయి ఈలవేస్తూ సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నురగంతా నల్లటి గ్రీజు.

"పాపం, ఆ పిల్ల చక్రం అలా ఎలా ఊడింది బాబాయ్?"

"ఊడలేదే పిచ్చిదానా. నట్టు కాస్త సడలించానంతే," అంటూ కన్ను గీటాడు. "పడుతుందని నేనేమన్నా కలగన్నానా? తడబడితే చాలనుకున్నా. ఇదిగో, నోరు తీపి చేసుకో."

మిఠాయి ముక్క ఆమె నోట్లో పెట్టాడు. వేళ్లకి ఇంకా గ్రీజు వాసన.

గిరక సింకులోకి ఉమ్మేసింది. పదేళ్లుగా ఆ చేతుల్నే నమ్ముకున్నానా అని తలుచుకుంటే ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. నోరు పుక్కిలించి, తిన్నగా న్యాయనిర్ణేతల గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అక్కడి పెద్దాయన బిస్కెట్ టీలో ముంచుతూ, "ఫొటోలు కూడా తీసేశారు కదమ్మా. ఇప్పుడెందుకీ గొడవ?" అన్నాడు.

"అయితే ఆ ఫొటోల వాళ్లకే చెప్తానండీ."

బిస్కెట్ విరిగి టీలో పడింది.

బాబాయిని మళ్లీ ట్రాక్ గడప తొక్కనివ్వలేదు. పతకం పోయి, తన మనిషి చేసిన పనికి గిరక మీదా ఏడాది నిషేధం పడింది. పిన్ని శాపనార్థాలు పెట్టింది. "పెంచిన చేతినే నరికావు కదే," అని నాన్న మూడు నెలలు మాట్లాడలేదు. ఆసుపత్రికెళితే పోస్ట్‌మన్ కూతురు గోడవైపు తిరిగింది.

"నీకు తెలీకుండానే జరిగిందంటే నేను నమ్మాలా? పో."

గిరకకి కోపం రాలేదు. ఆ స్థానంలో తనున్నా అదే అనేది.

నిషేధం తీరాక మళ్లీ ట్రాక్ ఎక్కింది. తన చక్రాలు తనే బిగించుకుంది. ఆమె నడిచొస్తుంటే పక్క జట్లవాళ్లు తమ సైకిళ్లకి అడ్డంగా నిలబడేవారు. అయిదేళ్లయినా ఆ చూపులకి అలవాటు పడలేకపోయింది. పోస్ట్‌మన్ కూతురితో ఒక్కసారే మళ్లీ తలపడి, అరచక్రం తేడాతో ఓడిపోయింది. ఆ పిల్ల చెయ్యి కలపలేదు గానీ, "ఇప్పుడు బాగుంది," అంది.

ఇప్పుడు గిరకకి సొంత సైకిల్ షాపుంది. చుట్టాలిళ్లలో భోజనాలప్పుడు మాత్రం బాబాయి, "దీన్ని చాంపియన్ని చేసింది నేనే," అని మీసం తిప్పుతాడు. జనం నవ్వుతూ వింటారు. గిరక విస్తరి వదిలేసి లేచిపోతుంది.