మావయ్యా, ఎర్ర బల్బూ

మొన్న గుంటూరులో పద్యనాటకాల పోటీలకు వెళ్లాను. వేదిక పక్కన డిజిటల్ గడియారం పెట్టారు, మిగిలిన సమయం ఎంతో అందరికీ కనిపించేలా. రాజు వేషం వేసిన కుర్రాడు బాగా పాడాడు. పద్యం అయిపోగానే జనం మర్యాదగా చప్పట్లు కొట్టి, మళ్లీ ఫోన్లలో తల దూర్చారు. నాటకం గడువుకన్నా ముందే ముగిసింది. ఒకప్పుడు నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. అయినా ఒళ్లు మండింది.

దానికి కారణం మా మేనమామ. తొంభైల చివర్లో ఆయన మిర్చి యార్డులో గుమస్తా. పగలంతా ఘాటు పీల్చి, సాయంత్రమయ్యేసరికి అట్ట కిరీటం పెట్టుకుని పద్యాలు పాడేవాడు. ఒంగోలు దాకా ఎక్కడ నాటక పోటీలు పెట్టినా మా జట్టు హాజరు. ఎక్కడా షీల్డు రాలేదు. గొంతులో లోపమేం లేదు. పోటీలో నాటకానికి ముప్పావుగంటే గడువు. అది దాటితే వేదిక పక్కన ఎర్ర బల్బు వెలుగుతుంది, తెర పడుతుంది, జట్టు పోటీలోంచి పోతుంది. మావయ్యకేమో జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే, పాడిన పద్యమే మళ్లీ పాడకుండా ఉండటం చేతకాదు.

అప్పుడే పాలిటెక్నిక్ పూర్తిచేసిన నేను దీన్ని సాంకేతిక సమస్య అనుకున్నాను. ప్రవేశాలు, పద్యాలు, ఆఖరికి హార్మోనియం ఆయన ముక్కుపొడి పీల్చే విరామం కూడా స్టాప్‌వాచ్‌తో కొలిచాను. అక్కర్లేని ఆలాపనలన్నీ కత్తిరించాను. ఆ ఏడు మావయ్యకు దగ్గు ముదిరింది. ఇక పాడటం మానకపోతే మాట కూడా మిగలదని డాక్టరు చెప్పేశాడు. సత్తెనపల్లి పోటీయే ఆఖరిది. ఒక్క షీల్డయినా ఇంటికి తెచ్చుకోవాలన్నది ఆయన ఆశ.

“వన్స్ మోర్ అంటే ఏం చేస్తావు?” అని రోజూ అడిగేవాణ్ణి.

“దణ్ణం పెట్టి ముందుకెళ్తాను. ఎన్నిసార్లు చెప్పిస్తావురా, బళ్లో పిల్లాణ్ణా నేను?”

హార్మోనియం ఆయన మాత్రం ముక్కు తుడుచుకుంటూ, “నీ గడియారానికి శ్రుతి లేదబ్బాయ్” అనేవాడు.

పోటీలో మొదటి పద్యానికే వన్స్ మోర్ అన్నారు. మావయ్య దణ్ణం పెట్టి ముందుకు సాగాడు. తర్వాతిదానికీ అంతే. తెర పక్కన నిలబడ్డ నాకు షీల్డు చేతికొచ్చినట్టే ఉంది. అప్పుడు వెనక వరుసల్లోంచి ఒకాయన లేచాడు. “ఏమండోయ్ రాజుగారూ! పత్తి తీత మానుకుని ట్రాక్టరు కట్టించుకొచ్చాం. ఇంకోసారి పాడితే మీ రాజ్యమేం పోదు!”

హాలంతా గొల్లున నవ్వింది. మావయ్య నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపి, స్టాప్‌వాచ్ ఎత్తి చూపించాను. ఈలోగా హార్మోనియం ఆయన శ్రుతి ఇచ్చేశాడు. ఇంకేముంది! ఆ పద్యం మళ్లీ పాడాడు. మళ్లీ అడిగితే మళ్లీ పాడాడు, నేను కత్తిరించిన ఆలాపనలన్నీ తెచ్చి అతికించి మరీ. ఆఖరి పద్యం సగంలో ఉండగా ఎర్ర బల్బు వెలిగింది, తెర పడింది. ఆ తెర వెనకే, మైకు లేకుండా, దగ్గుకుంటూ మిగతా సగం పూర్తిచేశాడు. అవతల జనం దానికీ వన్స్ మోర్ అన్నారు!

మేకప్ గదిలో నేను కిరీటాలు పెట్టెలో విసిరేస్తున్నాను. మీసం పీకేసుకుంటూ ఆయనే కదిలించాడు. “కోపమా?”

“చేతిదాకా వచ్చింది మావయ్యా! ఆఖరి పోటీ అని తెలిసి కూడా!”

“వాళ్లు తీత మానుకొచ్చార్రా” అన్నాడు, అంతకుమించి చెప్పడానికేం లేనట్టు.

తర్వాత ఆయన పాడలేదు. షీల్డు రాలేదు. ఆ విసుగు నాకు ఇప్పటికీ పోలేదు. మొన్న కుర్రాడి నాటకం అయిపోయాక కూడా గడియారంలో అంకెలు కదులుతూనే ఉన్నాయి. కావలసినంత సమయం మిగిలింది, ఇంకోసారి పాడమని అడిగేవాళ్లే మిగల్లేదు.