టీకాల ఫ్రిజ్‌లో ఎర్ర సీసా

నర్సీపట్నంలో పశువుల డాక్టరుగా కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి, లోకంలో నాకు తెలియనిది లేదనుకోవడం. రెండోది, కనిపించిన ప్రతిదానిమీదా కాగితం అంటించడం. ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ తలుపుకి ‘టీకాలు తప్ప ఇతర వస్తువులు పెట్టరాదు’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, కింద రెండు గీతలు గీసి మరీ అంటించింది నేనే. (మా అటెండరు బాబాయి అందులోంచి తన మజ్జిగ సీసా తీసుకుని, నావైపు ఒక్క చూపు చూసి వెళ్ళాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.) ఆ నోటీసుని మొదట అతిక్రమించిన మహానుభావురాలిని కూడా నేనే. ఆ భాగోతమే ఇప్పుడు చెప్పబోయేది.

అప్పట్లో ఒకే మేడమీద వాటాలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, కాలేజీలో పాఠాలు చెప్పే ఇంగ్లీషు మేడమ్, బ్యాంకులో పనిచేసే బ్యాంకక్క. ముగ్గురికీ ఫోన్లలో వీడియోలు చూసి చూసి వైన్ పిచ్చి పట్టుకుంది. తాగింది లేదు, చూసింది లేదు, కబుర్లు మాత్రం ద్రాక్షతోటల్లో పుట్టినట్టు చెప్పుకునేవాళ్ళం. ఊళ్ళో ‘వైన్స్’ అని బారెడు బోర్డున్న కొట్లో వైనొక్కటే దొరకదన్న సంగతి మాకేం తెలుసు? ఓసారి ఇంగ్లీషు మేడమ్ మొహానికి చున్నీ చుట్టుకుని, స్కూటీ దిగకుండానే “రెడ్ వైన్ ఉందాండీ?” అని అడిగింది. కొట్టతను కాస్త ఆలోచించి, “బ్రాందీ ఉందమ్మా, అదీ ఎర్రగానే ఉంటాది” అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చేదాకా ఆ చున్నీ విప్పలేదు.

ఆ ఏడాదే ఒక పెళ్ళికి ముగ్గురం బెంగళూరు వెళ్ళి, పనిలో పనిగా దగ్గర్లోని ద్రాక్షతోట చూడ్డానికి బయల్దేరాం. దారిలో మలుపులకి బ్యాంకక్కకి కడుపులో తిప్పేసింది. మేమిద్దరం అక్కడ అయిదు రకాల వైన్లు రుచి చూసి తలలూపుతుంటే, పాపం ఆవిడ బస్సులో నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుంది. తిరుగు ప్రయాణమంతా మేం ఆ రుచుల్ని వర్ణించాం, ఆవిడ విన్నది. కానీ వచ్చేముందు లేని ఓపిక తెచ్చుకుని ఒక సీసా కొని, పట్టుచీరల మధ్య పెట్టుకుంది. “మనూళ్ళో, ముగ్గురం కలిసి, ఒకేసారి” అంది. తర్వాత ఏకాదశి అడ్డొచ్చింది, ఇంటి ఓనరు పిన్నిగారి చుట్టాలు అడ్డొచ్చారు, చివరికి బ్యాంకక్కకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరే వచ్చేసింది. సరే, వెళ్ళే ముందురోజు సాయంత్రమే ముహూర్తం అని ఖాయం చేసుకున్నాం.

ఈలోగా ఎండలు ముదిరాయి. మా మేడమీద గది పెనంలా కాలేది. వైన్ చల్లగా, చీకట్లో ఉండాలని ఇంగ్లీషు మేడమ్ ఎక్కడో చదివి బెంగ పెట్టుకుంది. మాకున్నది పిన్నిగారి ఫ్రిజ్ ఒక్కటే, అందులో ఆవిడకి తెలియకుండా పచ్చిమిరపకాయ కూడా కదలదు. ఇంకేముంది, సీసాకి కాగితం చుట్టి, నా చేతిరాతతో ‘పశువుల ఆకలి టానిక్’ అని గుండ్రంగా రాసి, టీకాల ఫ్రిజ్‌లో పై అరలో పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ ముహూర్తం రోజు పొద్దున్నే నేను గొలుగొండలో గాలికుంటు టీకాల క్యాంపులో ఉన్నాను. అటెండరు బాబాయి ఫోన్ చేసి, రోలుగుంట నుంచి ఒక మామ్మ వచ్చిందనీ, ఆవిడ గేదె రెండ్రోజులుగా మేత ముట్టడం లేదనీ చెప్పాడు. జ్వరం లేదు, ఉబ్బరం లేదు. ఓ చేత్తో దూడ చెవి పట్టుకుని, “ఆకలి టానిక్ ఇచ్చి పంపు బాబాయ్. సగం ఇప్పుడు, సగం సాయంత్రం. నేను రేపొచ్చి చూస్తాను” అన్నాను. అని, హాయిగా మర్చిపోయాను.

సాయంత్రం నాలుగున్నరకి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే పై అర ఖాళీ.

“బాబాయ్, ఇక్కడి సీసా ఏదీ?”

“మీరే ఇమ్మన్నారు కదండీ! అల్మారాలో టానిక్ అయిపోయి వారమైపోనాది. ఇదేమో మీ సేతిరాత తోటి ఉంది. అదేటి బిరడా అండి బాబూ, సచ్చినా రాలేదు. సువ్వెట్టి లోపలికి తోసీసేను” అన్నాడు, పని చక్కబెట్టిన తృప్తితో.

వాటాకి వెళ్ళి చెప్పాను. ఇంగ్లీషు మేడమ్ నెత్తిన చేతులు పెట్టుకుంది. సగం సర్దిన పెట్టె ముందు కూర్చున్న బ్యాంకక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నేను నాలుగు నెలలు ఆగానే” అంది అంతే. ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. “లేవండి, సాయంత్రం డోసు ఇంకా మిగిలే ఉంటుంది” అని ఇద్దర్నీ లాక్కొచ్చాను. రెండు స్కూటీలు రోలుగుంట దారి పట్టాయి.

మేం వెళ్ళేసరికి మామ్మ పాకలో గేదె మూతి పైకెత్తి పట్టుకుని, వెదురు గొట్టంలోకి సీసా వంచబోతోంది. “ఆగు మామ్మా!” అని ముగ్గురం ఒకేసారి కేకేశాం. గేదె కూడా ఉలిక్కిపడింది.

“ఏటమ్మా? సాయంత్రం డోసు కదేటి? మీరే సెప్పేరంట?”

“ఎక్కువైతే మంచిది కాదు మామ్మా…”

“ఏటవుద్ది? దాన్ని సూడు! పొద్దున్న ఒక్క డోసు ఏసేను, మద్దేన్నానికి బేగి లెగిసి కుడితి తాగేసింది, గడ్డి తినేసింది. ఇంత మంచి టానిక్ నానెక్కడా సూళ్ళేదు” అంది. గేదె అరమోడ్పు కళ్ళతో నెమరేస్తూ, తల తెచ్చి మామ్మ భుజమ్మీద ఆనించింది. వెనక నుంచి బ్యాంకక్క మెల్లగా, “మామ్మా, అది నాది” అంది.

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఊళ్ళో తలెత్తుకోలేను, ఉద్యోగానికే ముప్పొస్తుందేమో అని భయపడుతూనే చెప్పాను. మామ్మ సీసా వంక చూసింది, గేదె వంక చూసింది, నా వంక చూసింది.

“అయితే డాట్రమ్మా, నా గేదికి ద్రాచ్చపళ్ళు పులిసిన రసం పోసీసేనా?”

“అవును మామ్మా.”

“ఓలమ్మోలమ్మో!” అని నులకమంచమ్మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నవ్వి నవ్వి లేచి, “రాండి, కూకోండి. ఎల్లిపోయే పిల్లని ఊరికే పంపుతానేటి?” అని నాలుగు స్టీలు గ్లాసులు, అప్పుడే వేయించిన జీడిపప్పు పళ్ళెం తెచ్చింది. (నాలుగో గ్లాసు తనకే. రుచి చూడకపోతే గేదెకేం పోసిందో ఎలా తెలుస్తుందట!)

ఇంగ్లీషు మేడమ్ స్టీలు గ్లాసుని గిర్రున తిప్పి, వాసన చూసి, “ఓక్ చెక్క, చెర్రీ పళ్ళు, కాస్త పొగ…” అని మొదలెట్టింది. మామ్మ ఒక్క గుక్క వేసుకుని, “నేరేడుపళ్ళు బుట్టలో మర్సిపోతే ఇలాగే ఉంటాయి” అంది. అచ్చం అదే! నెలల తరబడి వీడియోలు చూసినా మాకు దొరకని మాట. అప్పుడు మిగతా ముగ్గురం బ్యాంకక్క మొహంలోకి చూశాం. ఆవిడ కళ్ళు మూసుకుని, భక్తిగా ఓ గుక్క తాగి, మింగి, ఒక కన్ను తెరిచింది.

“ఇదేనా? మీరిద్దరూ నాలుగు నెలల నుంచి నా బుర్ర తింటున్నది దీని గురించేనా?”

పాక ఎగిరిపోయేలా నవ్వాం. బ్యాంకక్క లేచి, తన గ్లాసులో మిగిలింది కుడితి గోలెంలో వంపేసి, “నాకన్నా దీనికే నచ్చింది, తాగనీ పాపం” అంది. డాక్టరుగా నేను అభ్యంతరం చెప్పాలి. గోలెం దాని మూతి దగ్గరికి జరిపాను. గేదె గోలెం అడుగు దాకా నాకేసింది.

తిరిగొచ్చేటప్పుడు, వెనక కూర్చున్న బ్యాంకక్క తల నా వీపుకి ఆనించింది. నవ్వుతోందనుకున్నాను. కాసేపటికి నా జాకెట్టు తడిసింది. “నాకు ఈ ఊరు వదిలి వెళ్ళాలని లేదే” అంది. నేను స్కూటీ మెల్లగా నడిపాను, ఊరు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని.

మర్నాడు ఆవిణ్ణి బస్సెక్కించాక, బాబాయి మజ్జిగ కోసం ఒక కొత్త మట్టికుండ కొనిచ్చాను. దానిమీద ఏ కాగితమూ అంటించలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది, అందులో ఎప్పుడూ ఒకటో రెండో మంచి సీసాలుంటాయి, గాజు గ్లాసులూ ఉన్నాయి. అయినా వైన్ పోసినప్పుడల్లా ఎందుకో స్టీలు గ్లాసు కోసం చెయ్యి పోతుంది. వీడియో కాల్‌లో ముగ్గురం కలిసినప్పుడు ఇంగ్లీషు మేడమ్ ఇంకా చెర్రీల దగ్గరే ఉంటుంది. బ్యాంకక్క మాత్రం మజ్జిగ గ్లాసు పైకెత్తి, ముందుగా ఒకే ప్రశ్న అడుగుతుంది: “గేదె కులాసానా?” కులాసానే అంటాను. నేనా ఊరొదిలి ఎన్నేళ్ళయిందో ఆవిడకీ తెలుసు.