పేరు చెబితే మనిషి దొరకాలి

పామిడి వేణుగోపాల్ గారు ఇక లేరు. ఢిల్లీ సాకేత్‌లోని మా ఆఫీసు నుంచి మయూర్ విహార్‌లోని ఇంటికి వెళుతుండగా ఆయన స్కూటరును లారీ గుద్దిందనీ, దారినపోయేవారు ఆసుపత్రిలో చేర్చినా ప్రాణం దక్కలేదనీ ఫోనులో విన్నాను. దిగ్భ్రాంతిలో, ఆ కబురు చెప్పినవాణ్ణే కసిరాను. మధ్యాహ్నం నా కోడు చూసి నవ్విన మనిషి సాయంత్రానికి లేకపోవడమేమిటి? ఈ అన్యాయాన్ని సహించేంత శాంతస్వభావం నాకు లేదు.

సివిల్స్ మీద ఆశ వదులుకుని జియా సరాయ్ గదిలో దిక్కుతోచక పడి ఉన్న నన్ను పిలిచి, పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష నేర్పి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టిన మహానుభావుడాయన. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా అనంతపురం యాస చెక్కుచెదరలేదు. మేనేజరుతో హిందీ మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఒక "అబ్బా" దొర్లేది.

ఆయన విద్య యావత్తూ ఒకే సూత్రంలో ఇమిడి ఉండేది. మా పనిలో సమాచారం పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టెగా వస్తుంది. దాన్ని అర్రే అంటాం. వచ్చినదాన్ని వచ్చినట్టే తవ్వుకుంటూ పోవడం నా పద్ధతి. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులో లూపు, అందులో ఇంకో లూపు రాసి ఘనకార్యం చేసినట్టు చూపిస్తే, ఇంత కష్టం ఎవరి కోసం పడ్డావని వెక్కిరించేవారు. ఆ వెంటనే ఈ మాట తప్పదు: "అడిగేకి వచ్చినోళ్ల చేతిలో ఏముందో ముందు చూడబ్బా. దాన్ని పైన పెట్టు. తక్కిందంతా లోపల సర్దు." చూస్తూండగానే నా చాంతాడంత కోడు కొద్ది పంక్తులకు కుదించుకుపోయేది. అందులో అనవసరమైన అక్షరం ఒక్కటీ ఉండేది కాదు.

పోయిన ఏడాది ఒక పెద్దాసుపత్రి పని మా చేతికొచ్చింది. ఏ రోగి ఏ వార్డులో ఉన్నాడో కిటికీ దగ్గరి గుమస్తా చూసి చెప్పడానికి ఒక పేజీ తయారుచేయాలి. వారిచ్చిన సమాచారం తేదీ లోపల వార్డు, వార్డు లోపల మంచం, చిట్టచివర రోగి పేరు అన్న క్రమంలో ఉంది. వేణుగోపాల్ గారు దాన్ని తలకిందులు చేశారు. పేరు పైకి వచ్చింది. వార్డూ మంచమూ దాని లోపలికి వెళ్లాయి.

అక్కడితో ఆగలేదు. పేరులోని మొదటి మాట కిందే కాదు, ప్రతి మాట కిందా ఆ రోగి కనిపించి తీరాలన్నారు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందని ఈ ఊళ్లో ఎవరికి తెలుసునన్నది ఆయన వాదన. గడువు దగ్గరపడి మేనేజరు విసుక్కున్నాడు. "వేణుజీ, చల్ రహా హై, చల్‌నే దీజియే" అన్నాడు. నడుస్తున్నదాన్ని నడవనీయమని. "ఏడ్చుకుంటా వచ్చినోళ్లకు ఏది ముందో ఏది ఎనకో గుర్తుంటాదా?" అని మాతో తెలుగులో గొణిగి, అనుకున్నది అనుకున్నట్టే పూర్తిచేశారు.

ఆయనను చేర్చింది ఆ ఆసుపత్రిలోనే.

నిన్న పరామర్శకు వెళితే ఆయన భార్య సుభద్రమ్మ గారు జరిగింది చెప్పారు. ఆవిడ హిందీ కూరగాయల బండి దాకానే. భర్తను "మా ఇంటాయన" అనడమే తప్ప పేరు పలికి ఎరగరు. ఎవరో ఫోను చేసి ఆసుపత్రి పేరు చెప్పి పెట్టేస్తే, ఆటోలో ఒంటరిగా వెళ్లారట. జేబులోని కార్డు చూసి అక్కడివారు పామిడి వేణుగోపాల్ అని నమోదు చేసుకున్నారు. ఆ ఇంటిపేరు ఆవిడ నోటికి రానే లేదు. గుమస్తా "నామ్ బోలియే" అని, పేరు చెప్పమని గద్దించాడట.

"ఏ పొద్దూ పలకని పేరు నాయనా, వేణుగోపాల్ అనేసినాను," అన్నారావిడ. "అనంగానే వార్డు చెప్పినాడు. నేను పొయ్యేటప్పటికి చెయ్యి వెచ్చగానే ఉండె. నేను పట్టుకున్నాకే పోయినారు."

ఆ పేజీ ఎవరు చేశారో ఆవిడకు చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను.

గురువుగారూ, పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నా కోడు చూసి వెక్కిరించే నాథుడు లేడు. నా చేతిలో ఇప్పుడు మీ పేరొక్కటే ఉంది. దాన్ని ఏ కిటికీ దగ్గర చెబితే మీరు దొరుకుతారు?